ఎగ్జిబిషన్ స్టాళ్ల జీవో

చట్టాలు ఎక్కడ పుడతాయని అడిగితే మీరంతా అసెంబ్లీ వైపు చెయ్యి చూపిస్తారు. మా సెక్షన్ ఆఫీసరు గారు మాత్రం తన కుర్చీ వెనకున్న ఇనప బీరువా చూపించేవారు. "గీ బీరువాల లేని జీవో రాష్ట్రంల యాడ లేదమ్మా" అనేవారు. ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వుని మేం జీవో అంటాం. ఆయన మాట అతిశయోక్తే గాని పూర్తిగా అబద్ధం కాదు. నేను సచివాలయంలో చాలా శాఖలు తిరిగాను, చాలా ఫైళ్లు మోశాను. అందులో ఎక్కువ భాగం మర్చిపోయాను కూడా. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది మాత్రం కార్మిక శాఖలో ఉండగా ఆ బీరువాలోంచి బయటికొచ్చిన ఒక జీవో సంగతే. మీలో గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల భవనాల్లో పనిచేసే పిల్లలుంటే కాస్త ఓపిగ్గా చదవండి, ఇందులో మీకు సంబంధించింది కూడా ఉంది.

ముందు కొంచెం పాఠం తప్పదు. భయపడకండి, చిన్నదే. దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసం ఒక చట్టం ఉంది. వారానికొక రోజు సెలవివ్వాలి. ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లని కారణం చూపకుండా, నెల ముందు చెప్పకుండా తీసెయ్యకూడదు. ఆడవాళ్లని రాత్రిపూట పనిలో ఉంచకూడదు. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ చట్టం చెయ్యడానికి సభ కూర్చుంది, బిల్లు పెట్టారు, వాదించుకున్నారు, గవర్నరు గారు సంతకం చేశారు. ఇంత హంగామా జరిగాక, ఆ చట్టం చివర్లో ఒక బుల్లి సెక్షన్ ఉంటుంది. ఫలానా సంస్థలకి ఇందులో అన్నిటి నుంచి గాని కొన్నిటి నుంచి గాని ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చు అని. అంటే చట్టం చెయ్యడానికి ఒక సభంతా కావాలి. దాన్ని కొందరి విషయంలో పక్కన పెట్టడానికి మా సెక్షన్‌లో టైపు కొట్టిన కాగితం, పైన ఒక సంతకం చాలు. ఈ సంగతి మొదటిసారి బుర్రకెక్కిన రోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత అలవాటైపోయిందనుకోండి.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. మాదాపూర్‌లో బండలు పేల్చి రోడ్లు వేస్తున్నారు. గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేచింది. దాని చుట్టుపక్కల అద్దె బంగళాల్లో కొత్తరకం కంపెనీలు వచ్చాయి. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిస్తే ఇక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదంతా టైపు చెయ్యాలి. అక్కడ తెల్లారేసరికి కాగితాలు సిద్ధంగా ఉండాలి కాబట్టి పని మూడు పూటలా నడిచేది. టైపు చేసేవాళ్లలో చాలామంది డిగ్రీ చదివిన ఆడపిల్లలు. చట్టమేమో రాత్రి వద్దంటుంది. కంపెనీల వాళ్లు వచ్చి మినహాయింపు అడిగారు. అడిగింది న్యాయమే. ప్రారంభోత్సవాల లోపల జీవో ఇచ్చెయ్యాలని పైనుంచి ఒకటే తొందర. ఇచ్చేశారు.

నేను ఆ సెక్షన్‌కి బదిలీ మీద వచ్చింది జీవో వెలువడిన తర్వాత. ఎప్పుడో చేసిన వంటకి ఎంగిలి కంచాలు కడిగే పని నాకొచ్చింది. కుర్చీలో సర్దుకునేలోపే హైకోర్టు నుంచి నోటీసు. మాదాపూర్‌లో అలాంటి ఒక బంగళాలో ఊడ్చి, తుడిచి, టీ కాచే ఆవిడ మన జీవో చెల్లదని కేసు వేసింది.

కాగితాలు చదివితే సంగతి తెలిసింది. ఆవిడ ఆ కంపెనీ పెట్టిన నాటి నుంచి అక్కడే పని చేస్తోంది. మొదట్లో ఆదివారం సెలవుండేది. జీవో వచ్చిన మరుసటి నెల నుంచి మేనేజరు ఆ సెలవు తీసేశాడు. అమెరికా ఆసుపత్రులకి ఆదివారం లేదు, మనకీ లేదన్నాడు. ఆవిడ ఒక ఆదివారం రాలేదు. సోమవారం వస్తే గేటు దగ్గరే ఆపేశారు. కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్తే ఆయన జీవో తీసి చూపించి, మీ కంపెనీకి ఈ చట్టమే వర్తించదమ్మా, నేనేం చెయ్యలేనన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ కంపెనీలోనే టైపు చేసే అమ్మాయి ఒకత్తె జాలిపడి, లాయరుగా ఉన్న తన అక్క దగ్గరికి పంపించింది. ఆ అక్క కేసు వేసింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. కంపెనీలు అడిగింది ఆడవాళ్ల రాత్రి పని కోసం. మధ్యలో ఊడ్చే మనిషి ఆదివారం ఎందుకు పోయింది? జీవో తీసి చూశాను. ఆ ఒక్క నిబంధన నుంచి కాదు, చట్టంలోని అన్ని నిబంధనల నుంచీ మినహాయించాం.

మా సెక్షన్ ఆఫీసరు గారిది వరంగల్ వైపు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం తుంచి నాకు పెట్టందే తినేవారు కాదు. ఇంత మంచి మనిషికీ ఒక జబ్బుండేది. ఫైలు మీద ఎవరైనా సొంతంగా ఒక వాక్యం రాస్తే ఆయనకి ఒళ్లు జలదరించేది. కొత్త జీవో రాయాల్సొస్తే అలాంటి పాతది బీరువాలోంచి తీసి, పేర్లూ తేదీలూ మార్చి టైపుకి ఇచ్చేవారు. దాన్ని నమూనా అనేవాళ్లం. సచివాలయంలో అందరం చేసే పనే, నేనూ చేశాను. పాతదాన్ని న్యాయశాఖ ఒకసారి ఒప్పుకుని ఉంటుంది కాబట్టి మళ్లీ కొర్రీలు వెయ్యదు, ఫైలు గబగబా కదులుతుంది.

దీనికి ఏ నమూనా తీసుకున్నారండీ అని అడిగాను. ఆయన దాచుకోలేదు. దాచుకోవాల్సింది ఏమైనా ఉందని ఆయనకి తోచనే లేదు.

"ఎగ్జిబిషన్‌ది" అన్నారు.

"ఏ ఎగ్జిబిషనండీ?"

"ఏటేటా స్టాళ్లు పెడతరు గదమ్మా. గాజులు, బొమ్మలు, మిర్చి బజ్జీలు. ఆడోళ్లు రాత్రిదాంక స్టాళ్లల్ల ఉంటరు. దానికిచ్చిన జీవో. గీ కంపెనీలల్ల గూడ ఆడోళ్లు, రాత్రి. రెండు కలిసినయ్. ఇంకేం గావాలె?"

నేను తల పట్టుకున్నాను. ఎగ్జిబిషన్ స్టాలుండేది నెలో నెలన్నరో. దానికి వారం సెలవని, ఆరు నెలల సర్వీసని, నెల నోటీసని చట్టం మాట్లాడితే అర్థం లేదు. అందుకే ఆ కాలంలో ఎవరో తెలివైనవాళ్లు అన్ని నిబంధనల నుంచి మినహాయింపు అని రాశారు. ఏళ్ల తరబడి ఎవరికీ నష్టం జరగలేదు. ఇప్పుడు గాజుల స్టాలు చొక్కా తీసుకెళ్లి దశాబ్దాలుండాల్సిన కంపెనీలకి తొడిగారు. కొలతలు చూసినవాళ్లు లేరు. న్యాయశాఖ కూడా నమూనా చూసి సరేనంది.

మొదటి వాయిదాకి ఫైలు పట్టుకుని నేనే హైకోర్టుకి వెళ్లాను. మా ప్రభుత్వ ప్లీడరు గడువు అడిగారు, ఇచ్చారు. బయట వరండాలో బల్ల మీద ఒకావిడ కూర్చునుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. మాటల్లో ఆవిడే కేసు వేసిన మనిషని తెలిసింది. నేను అవతలి పక్షం అని చెప్పాను. చెప్పకుండా ఉండలేను, నా నోరు అంతే. ఆవిడ ఏమీ అనుకోలేదు. పుప్పాలగూడలో ఉంటామని, భర్త రాళ్లు కొట్టే పని చేస్తాడని, బిడ్డ ఆరో తరగతి, ఊళ్లో సర్కారు హాస్టల్లో ఉంటుందని చెప్పింది. హాస్టల్లో తల్లిదండ్రుల్ని లోపలికి పంపేది ఆదివారం ఒక్కరోజే.

"ఐతారం పోకపోతే పిల్ల గేటు కాడ్నే నిలవడి చూస్తదట మేడం" అంది. "నేను పోని ఐతారాలన్ని గట్లనే నిలవడ్డదని ఆయా చెప్పింది. నేను సెలవడిగింది గందుకే. పండుకోనీకి గాదు."

ఇప్పుడైతే పని లేదు కాబట్టి ప్రతి ఆదివారం వెళ్లొస్తున్నానని, కానీ బస్సు చార్జీలకే చెయ్యి చాచాల్సి వస్తోందని కూడా చెప్పింది. ఆవిడకి కావాల్సింది ఆ పని, దాంతో పాటు ఆదివారం. రెండూ కావాలి. ఏదో ఒకటి ఎంచుకోమంటే చట్టం ఎందుకసలు?

ఆఫీసుకొచ్చి మా డిప్యూటీ సెక్రటరీ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గుంటూరు మనిషి, మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన, సంతకం కనపడేది కాదు. వినగానే తప్పు ఎక్కడుందో ఆయనకి అర్థమైంది. జీవోని సవరిద్దామన్నారు. రాత్రి పని నిబంధన ఒక్కదాని నుంచి మాత్రమే మినహాయింపు, అది కూడా ఇంటి దగ్గర దింపే వాహనం ఉంటేనే అని. రాయడం నాకప్పగించారు. బీరువాలో దీనికి నమూనా లేదు. మా సెక్షన్ ఆఫీసరు గారు నా వెనకే తచ్చాడుతూ, "జర చూస్కో అమ్మా, ఊహించి రాస్తున్నవ్" అని పరేషాన్ అయ్యారు. నేను మాత్రం పండగ చేసుకున్నాను. నా ఉద్యోగంలో నేను సొంతంగా రాసిన మొదటి జీవో అది. ప్రతి మాటా తూకం వేసి రాశాను.

సంతకానికి పంపే ముందు డిప్యూటీ సెక్రటరీ గారు ఒక మాటన్నారు. వాయిదా రోజు ఈ కొత్త జీవో కోర్టుకి చూపిస్తే, పాతది ఇక లేదు కాబట్టి కేసు కూడా లేదని కొట్టేస్తారు, హాయిగా ఒడ్డున పడతాం అని. నేను రాసిన కాగితం ఇంకో పని కూడా చేస్తుందని నాకు అప్పుడు తట్టింది.

ఇక్కడ రెండో పాఠం. ఇది అర్థమైతే చాలు, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు. ప్రభుత్వం తన ఉత్తర్వుని తానే రద్దు చేసినా, సవరించినా అది ఆ రోజు నుంచి ముందుకే పనిచేస్తుంది. అప్పటిదాకా పాతది బతికి ఉన్నట్టే లెక్క, దాని నీడలో జరిగినవన్నీ సక్రమంగా జరిగినట్టే. అదే కోర్టు కొట్టేస్తే, అది అసలు పుట్టనే లేదని అర్థం. మేం సవరిస్తే మాదాపూర్‌లో పనిచేసే వాళ్లందరికీ రేపటి నుంచి ఆదివారం తిరిగొస్తుంది. నిరుడు గేటు దగ్గర ఆగిపోయిన ఆవిడకి మాత్రం ఏమీ రాదు. ఆవిణ్ని తీసేసిన రోజున పాత జీవో బతికే ఉంది కదా. నేను తూకం వేసి రాసిన కాగితమే ఆవిడ కేసు గొంతు నొక్కుతుంది.

పాత తేదీ నుంచి వర్తించేలా ఇద్దామండీ అని బతిమాలాను. డిప్యూటీ సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. వెనక తేదీ వేస్తే తప్పు చేశామని రాసిచ్చినట్టవుతుందన్నారు. "ముందుకి బాగుచేశాం కదమ్మా. ఒక్క మనిషి కోసం ప్రభుత్వం తల దించుకుంటుందా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మెత్తగా అన్నారు కాబట్టి ఇంకా మండింది. సరేనండి అని ఫైలు తీసుకుని వచ్చేశాను. ఇంకేం చేస్తాం, ఉద్యోగం.

వాయిదా రోజు కొత్త జీవో కాపీలు సంచిలో పెట్టుకుని ఆటోలో కోర్టుకి వెళ్లాను. అఫ్జల్‌గంజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంత సేపూ, ఆటో ఇక్కడే చెడిపోతే బాగుండుననిపించింది. చెడిపోలేదు. వరండాలో ఆవిడ అదే బల్ల మీద ఉంది. కొత్త జీవో వచ్చిందని లాయరమ్మకి ఎవరో చెప్పారట, ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"కొత్త కాయిదం వచ్చిందంట గద మేడం. అందరికి ఐతారం ఇచ్చిండ్రట. నన్ను మల్ల పనిల తీస్కుంటరా?"

అప్పటికి చాలా దారులున్నాయి. మీ లాయర్ని అడుగు అనొచ్చు. చూద్దాం అనొచ్చు. సర్కారు నౌకరీలో చూద్దాం అన్నంత మంచి మాట ఇంకోటి లేదు. నేను అననే లేకపోయాను.

"నీకు రాదమ్మా" అన్నాను. "ఇది నిన్నటి నుంచే పనిచేస్తుంది. నిన్ను తీసేసింది నిరుడు. పాత కాగితం తప్పని కోర్టు చెప్తేనే నీకు పని వస్తుంది. మేం మార్చేశాం కాబట్టి ఇక చెప్పక్కర్లేదని ఇవాళ మా వాళ్లు అడగబోతున్నారు."

ఆ మాట ఎవరు చెప్తున్నారో ఆవిడకి అప్పుడే తట్టినట్టుంది. వెంటనే లేచి, లోపల ఉన్న లాయరమ్మ దగ్గరికి వెళ్లింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. లాయరమ్మ ఒకసారి తలెత్తి నా వైపు చూడటం మాత్రం కనిపించింది.

కేసు పిలిచారు. మా ప్లీడరు గారు కొత్త జీవో అందించి, ఇక విచారించడానికి ఏమీ మిగల్లేదని చెప్పారు. జడ్జి గారు కలం తీశారు. అప్పుడు లాయరమ్మ లేచింది. చిన్నపిల్ల. ప్రభుత్వం తన తప్పుని అందరి విషయంలో దిద్దుకుంది, ఆ తప్పు వల్ల ఉద్యోగం పోయిన ఒక్క మనిషి విషయంలో మాత్రం అలాగే ఉంచుకుంటానంటోంది, అంది. అంతే. కూర్చుంది. జడ్జి గారు కలం కింద పెట్టారు.

రాత్రి పని కోసం అడిగితే అన్ని నిబంధనలూ ఎందుకు తీసేశారని ఆయన మా ప్లీడరు గార్ని అడిగారు. ఆయన ఫైలు తిరగేశారు. ఎంత తిరగేసినా అందులో కారణం ఉండదు, నాకు తెలుసు. చివరికి ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. జడ్జి గారూ చూశారు. ముందుకి రమ్మన్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడితే ఆయనే తెలుగులో చెప్పమన్నారు.

"ఎగ్జిబిషన్ స్టాళ్లకి ఇచ్చిన పాత ఉత్తర్వుని నమూనాగా తీసుకున్నామండి. అందులో అలా ఉందండి."

కోర్టు హాల్లో వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి గారు నవ్వలేదు.

"ఆ ఎగ్జిబిషన్ ఎన్నాళ్లుంటుంది?"

"నెలన్నర ఉంటుందండి."

"ఈ కంపెనీలు ఎన్నాళ్లుంటాయనుకున్నారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, స్టెనోకి అక్కడే తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. సభ చేసిన చట్టాన్ని పక్కన పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది గాని, ఆలోచించకుండా పక్కన పెట్టే అధికారం లేదన్నారు. పాత జీవో పుట్టిన రోజు నుంచే చెల్లదన్నారు. ఆవిడ ఫిర్యాదుని కార్మిక అధికారి మళ్లీ వినాలన్నారు. రాత్రి పని సంగతి కొత్త జీవో చూసుకుంటుంది కాబట్టి టైపు చేసే ఆడపిల్లలకి ఇబ్బంది లేకుండా పోయింది. అంతా అయిపోవడానికి ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

నేను ఆఫీసుకి చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. కోర్టులో అడగని సంగతులు చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వమని పైనుంచి మెమో వచ్చింది. అడిగారు కాబట్టే చెప్పానని రాసిచ్చాను. వరండాలో చెప్పిన మాట గురించి వాళ్లకి తెలియదు, నేను రాయనూ లేదు. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. గెజిట్‌లో అచ్చయిన కాగితానికి అర్థమేంటో అడిగితే చెప్పకూడదా? కొన్నాళ్లకి నన్ను ఇన్వార్డుకి, అంటే వచ్చిన ఉత్తరాల మీద ముద్రలు కొట్టే చోటికి మార్చారు.

సెక్షన్ ఆఫీసరు గారు వారం పాటు నాతో మాట్లాడలేదు. రొట్టె కూడా లేదు. నేను మారిపోయే ముందు రోజు మాత్రం పిలిచి కూర్చోబెట్టారు. "నా పేరు చెప్పకపోతివి. నమూనా అంటివి గని నేనంటివా? గదే సాలు" అన్నారు. తర్వాత నేను రాసిన జీవో తీసి, పంచ్ చేసి, తాడు కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఇగ రాత్రి పనికి ఇదే నమూనా" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాతి కాలంలో ఎన్ని జీవోలు దాన్ని చూసి పుట్టాయో ఆ బీరువాకే తెలియాలి.

కార్మిక అధికారి విచారణ నెలల తరబడి సాగింది. ఆవిణ్ని మళ్లీ పనిలో పెట్టుకోవాలని చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆ సంగతి ఆవిడే సచివాలయం గేటు దగ్గరికొచ్చి చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ గంతెయ్యలేదు.

"కాయిదం తీస్కొని పోయిన మేడం. గేటుకు తాళం ఉన్నది. బంగళా కిరాయికని బోర్డు వెట్టిండ్రు. కంపెనీ లేదు."

అప్పట్లో అలాంటి కంపెనీలు ఎన్నో తెరిచేవారు, ఎన్నో మూసేవారు. కేసు వల్ల మూశారో, పని దొరక్క మూశారో నాకు తెలియదు. ఇంత చేసి ఆవిడకి ఒక తాళం చూపించాం. ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవడానికి సిగ్గేసింది.

ఆవిడే నన్ను ఓదార్చింది. "కోర్టుల ఆ కాయిదం పుట్టనే లేదన్నరు గద. ఇప్పుడు కంపెనీ గూడ పుట్టనే లేదనుకుంట. ఫికర్ జెయ్యకుండ్రి మేడం, గా గుండ్రటి బిల్డింగుల ఊడ్సెటందుకు మనుషులు గావాలన్నరు. అడిగిన. రమ్మన్నరు" అని చెప్పి, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

మళ్లీ కలవలేదు. చాలాకాలం ఆ తాళం నా మనసులోంచి పోలేదు. చివరికి ఒకసారి మా ఆయన, ఆడపడుచు వాళ్లు పుప్పాలగూడ వైపు ప్లాట్లు చూద్దామని బయల్దేరదీశారు. అప్పటికి అక్కడ పొలాలూ బండలే. తిరుగు దారిలో మాదాపూర్‌లో కారాపించి, నేనొక్కదాన్నే గుండ్రటి భవనం గేటు దాకా నడిచాను. సెక్యూరిటీ అతను పాలమూరు యాసలో ఎవరు కావాలన్నాడు. ఆవిడ పేరు చెప్పాను. లోపల ఊడ్చే పని చేసేదని చెప్పి, పనిలో ఉందా, తీసేశారా అని అడిగాను. ఆ అడగడంలో నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎందుకు తీసేస్తరమ్మా? ఉన్నది" అన్నాడు. "ఇయ్యాల ఐతారం గద. ఐతారం ఆమె ఎందుకొస్తది?"